మోడెమ్ కూత శాస్త్రం

ఏ శాస్త్రానికైనా ముందు నాలుగు సంగతులు తేల్చాలని పెద్దలు నియమం పెట్టారు. విషయం ఏమిటి, చదివితే ప్రయోజనం ఏమిటి, ఈ రెంటికీ సంబంధం ఏమిటి, చదవడానికి అర్హుడెవడు.

ఈ శాస్త్రానికి విషయం మోడెమ్ కూత. టెలిఫోను తీగ మీద ఇంటర్నెట్ వచ్చే రోజుల్లో, కంప్యూటరు నంబరు కొట్టాక, పేజీ తెరుచుకోక ముందు, ఇరవై పాతిక సెకన్ల పాటు ‘కీ…, బొంయ్ బొంయ్, కర్ర్ర్, ష్ష్ష్’ అంటూ వినపడిన ధ్వని. ప్రయోజనం శూన్యం. ఆ కూత ఇప్పుడు ఒంగోలులో ఏ కొట్లోనూ వినపడదు కనుక నేర్చుకున్నా పరీక్ష పెట్టేవాళ్లు లేరు. ప్రయోజనమే లేనప్పుడు సంబంధం అడగకూడదు. ఇక అర్హుడు: 1990ల చివర్లోనో 2000 తొలి ఏళ్లలోనో కర్నూలు రోడ్డులో ఏదో ఒక నెట్ సెంటర్లో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని, ఎంసెట్ ర్యాంకు కోసమో అమెరికా మెయిలు కోసమో ఎదురుచూస్తూ, “కనెక్టయిందా అన్నా?” అని మూడుసార్లకు తక్కువ కాకుండా అడిగినవాడు. అడిగే అవసరం రానివాడు బ్రాడ్‌బ్యాండులో పుట్టాడు. అతనికి ఈ శాస్త్రంలో ప్రవేశం లేదు, పక్కన కూర్చుని వినవచ్చు.

శాస్త్రం పుట్టుకకు కారణం ఒక తగాదా. సెంటరు యజమాని గోడ గడియారం చూసి నోటుబుక్కులో టైము వేసేది కూత మొదలైన నిమిషం నుంచి. కస్టమరు లెక్క యాహూ పేజీ కనపడ్డప్పటి నుంచి. మధ్యలో పోయిన అర నిమిషం ఎవరి ఖాతా? మొదటి కూతకే ఫలితం దక్కితే ఎవరూ అడగరు. కానీ వాన కురిసిన సాయంత్రం, నాలుగో కూతకి గాని లైను కలవనప్పుడు, ఈ ప్రశ్న కొట్లో ఉన్న అందరి నోటా వచ్చేది. రెండు మూడు రూపాయల తగాదాకి శాస్త్రమా అని నవ్వేవాళ్లు ఒంగోలు కోర్టు ఆవరణలో ఒక పూట కూర్చుని రావచ్చు.

కస్టమరు వాదం పూర్వపక్షం: కూత సరుకు కాదు, సరుకు వచ్చే ముందు చప్పుడు. లారీ వచ్చిన చప్పుడుకి బిల్లు వేస్తారా? సిద్ధాంతం తర్వాత చెబుతాను. అది చెప్పాలంటే ముందు తీగ దగ్గరికి వెళ్లాలి.

తీగ ప్రకరణం

ఇంటికి వచ్చేవి రెండే రెండు రాగి తీగలు. ఎక్స్ఛేంజీలో బ్యాటరీలు వాటి మీద 48 వోల్టులు పెట్టి ఉంచుతాయి. అదీ మైనస్ 48. ప్లస్ కొసను భూమికి కట్టేశారు. నేలలో తడి తగిలిన రాగిని తుప్పు తినకుండా ఉండటానికి ఆ ఏర్పాటు. రిసీవరు పెట్టి ఉంటే కరెంటు పారదు. ఎత్తితే వలయం మూసుకుని పారుతుంది, ఎవరో ఎత్తారని ఎక్స్ఛేంజీకి తెలుస్తుంది. ఫోను గంట మోగించాలంటే మాత్రం 48 చాలదు. సెకనుకు 25 సార్లు అటూ ఇటూ ఊగే 75 వోల్టుల ఏసీ పంపుతారు. వీధిలో తీగలు కలిసే డీపీ బాక్సులో చేతులు పెట్టి ఉండగా సరిగ్గా అప్పుడే ఎవరో ఆ నంబరుకి ఫోను చేస్తే లైన్‌మ్యాన్ నోటి నుంచి వచ్చే మాట శాస్త్రీయమే గాని అచ్చువేయదగింది కాదు.

ఎత్తగానే వినపడే గుర్రుమన్న ధ్వని డయల్ టోను. మన దేశంలో అది 400 హెర్ట్జ్ స్వరం, దాన్ని 25 హెర్ట్జ్‌తో వణికిస్తారు కనుక గుర్రు. అమెరికాలో 350, 440 అని రెండు స్వరాలు కలిపి ఇస్తారు. అక్కడి లెక్కతో తయారైన మోడెమ్‌ను తెచ్చి ఒంగోలు లైనుకి తగిలిస్తే ఏమవుతుంది? కొట్లో నలుగురూ చెవులారా డయల్ టోను వింటూ ఉండగా, తెర మీద ‘నో డయల్ టోన్’ అని వస్తుంది. ఇక్కడ ప్రత్యక్ష ప్రమాణానికీ శబ్ద ప్రమాణానికీ విరోధం వచ్చింది. నలుగురు వింటున్నది నిజమా, తెర చెప్పింది నిజమా? తార్కికులు ఏ తీర్పు ఇస్తారో గాని, నెట్ సెంటరు కుర్రాడు కంట్రోల్ ప్యానెల్ తెరిచి ‘డయల్ టోన్ వచ్చేదాకా ఆగు’ అన్న గడిలో టిక్కు తీసేసేవాడు. మోడెమ్ భాషలో దాని పేరు ఎక్స్3. అంటే, నీకు వినపడకపోయినా ఫరవాలేదు, ముందు నంబరు కొట్టు. మోడెమ్‌కు తెలియనిది మనకు తెలుసని ఒప్పుకునే సౌకర్యం దాని ఆజ్ఞల్లోనే ఉండటం గమనించాలి.

ఆ ఆజ్ఞలు 1981లో హేస్ కంపెనీ స్మార్ట్‌మోడెమ్‌తో వచ్చాయి. దాదాపు ప్రతి ఆజ్ఞా ‘ఏటీ’తో మొదలవుతుంది. పల్సులో కొట్టాలంటే ఏటీడీపీ, టోనులో కొట్టాలంటే ఏటీడీటీ, పెట్టేయాలంటే ఏటీహెచ్. కంపెనీ పోయింది గాని మోడెమ్‌లు ఎవరు తయారుచేసినా ‘ఏటీ’ అంటేనే పలికాయి. సెల్‌ఫోను లోపలి రేడియో చిప్పుకి ఇవాళ్టికీ ఈ సంస్కృతమే తెలుసు.

అంకెల ప్రకరణం

నంబరు కొట్టే సంప్రదాయాలు రెండు. పల్సు పాతది. అమెరికాలో కాన్సస్ సిటీలో అంత్యక్రియల వ్యాపారి ఆల్మన్ స్ట్రోజర్, ఆపరేటరమ్మ తన బేరాలను పోటీవాడికి కలుపుతోందని అనుమానం వచ్చి, మనిషి అక్కర్లేని ఎక్స్ఛేంజీ కనిపెట్టాడని చెబుతారు. 1891లో పేటెంటు. అక్కడి నుంచి వచ్చిన తిప్పుడు డయలులో, అంకె ఎంతో అన్నిసార్లు తీగలో కరెంటు తెగుతుంది, సెకనుకు పదిసార్ల చొప్పున. సున్నాకి పది. ఇక ఒంగోలు కోడు చూడండి: 08592. అంటే పది, ఎనిమిది, అయిదు, తొమ్మిది, రెండు. మొత్తం ముప్పై నాలుగు తెంపులు. తెంపులకే దాదాపు మూడున్నర సెకన్లు, మధ్యలో డయలు వెనక్కి తిరిగి వచ్చే టైము వేరు. హైదరాబాదు 040. ఇరవై నాలుగుతో తేలిపోతుంది. అప్పటి రాజధాని మీద జిల్లాలకు ఉన్న ఫిర్యాదుల్లో ఇదొకటి చేరాలి, ఎవరూ చేర్చలేదు.

తీగను తెంపడమే పల్సు కనుక దానికి డయలే అక్కర్లేదు. ఇంట్లో పెద్దవాళ్లు డయలుకి చిన్న తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకుని వెళ్లేవాళ్లు. కుర్రాళ్లు రిసీవరు కింద ఉండే మీట మీద వేలితో లయ తప్పకుండా తట్టి నంబరు కలిపేవాళ్లు. అయిదుకి అయిదు తట్లు, కాస్త ఆగి, తర్వాతి అంకె. సున్నా ఉన్న నంబర్లకి కొంచెం సాధన కావాలి. అదే కాలంలో అమెరికా కుర్రాళ్లు 2600 హెర్ట్జ్ ఈల ఊది ట్రంకు లైన్లను మోసం చేశారని పుస్తకాలు రాసుకున్నారు. అటుకుల డబ్బాలో ఆటబొమ్మగా వచ్చిన ఈల సరిగ్గా ఆ స్వరమే పలికిందట. మనవాళ్లు ఒక్క చూపుడువేలితో, ఏ పనిముట్టూ లేకుండా, నాన్నగారి తాళాన్ని జయించారు. ఈ విద్యకు పుస్తకం లేదు.

రెండోది టోను. మీట నొక్కితే రెండు స్వరాలు ఒకేసారి, వరుసకొకటి, నిలువుకొకటి. అయిదంటే 770, 1336. ఎనిమిదంటే 852, 1336. మనిషి గొంతు పొరపాటున కూడా ఆ జంటలు పలకకుండా చూసి ఎంచారు.

నంబరు కొట్టాక అవతల రింగు రావడానికి ముందు ఎస్టీడీ కాల్లో సన్నగా కిలకిల వినపడేది, గుర్తుందా? అది ఎక్స్ఛేంజీ ఎక్స్ఛేంజీతో మాట్లాడుకునే భాష. ఆర్2 పద్ధతి అంటారు. ముందుకు పోయే మాటలు 1380 నుంచి 1980 దాకా ఆరు స్వరాలు. వెనక్కి వచ్చే మాటలు 1140 నుంచి 540 దాకా ఆరు. ఎప్పుడూ ఆరింట్లో రెండు కలిపి పలకాలి. దాని మర్యాద ఏమిటంటే, ఇటునుంచి ఒక అంకె పలికితే, విన్నానని అటునుంచి జవాబు వచ్చేదాకా పలుకుతూనే ఉండాలి. జవాబు చెప్పినవాడు, ఇటు ఆగేదాకా జవాబు చెబుతూనే ఉండాలి. ఇటు ఆగాకే అటు ఆగాలి. అప్పుడు తర్వాతి అంకె. మన టీవీ చర్చల్లో ఇలాంటి కట్టడి పెడితే ఒక్క అంకె కూడా దాటదు.

చరిత్ర ప్రకరణం

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసుల్లో జనానికి ఇంటర్నెట్ తెరిచింది. ఒంగోలువాడు కనెక్టు కావాలంటే మద్రాసుకి ఎస్టీడీ చేయాలి. ఆ బిల్లుతో మద్రాసుకే రైలెక్కి వెళ్లి చూసి రావచ్చు. ఆ తర్వాత 172తో మొదలయ్యే నంబర్లు వచ్చాయి, ఎక్కణ్ణుంచి చేసినా లోకల్ కాలే అన్నారు. కూత ఒంగోలు చేరింది. చరిత్ర సమాప్తం.

కూత ప్రకరణం

టెలిఫోను తీగ మనిషి గొంతు కోసం వేసింది. 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా ఉన్న స్వరాలనే అవతలికి దాటనిస్తుంది. కంప్యూటరు మాట్లాడే ఒకట్లూ సున్నాలూ నిటారుగా లేచి నిటారుగా పడే వోల్టేజీలు. వాటిని ఉన్నవి ఉన్నట్టు ఆ తీగలోకి తోస్తే అవతల గుర్తుపట్టరాని ముద్ద వస్తుంది. అందుకని మోడెమ్ వాటిని గొంతు హద్దుల్లో ఉన్న ధ్వనిగా మార్చి పంపుతుంది, అవతలి మోడెమ్ ధ్వనిని మళ్లీ అంకెలు చేస్తుంది. సంగతి ఇంతే అయితే కూతే అక్కర్లేదు, నేరుగా పని మొదలుపెట్టొచ్చు. కానీ మధ్యలో ఉన్న తీగ ఎలాంటిదో ఈ రెంటిలో ఒక్కదానికీ తెలియదు. కూత మొత్తం ఆ ఒక్క సంగతి తెలుసుకోవడానికే.

పశువుల సంతలో బేరగాళ్లు తువాలు కింద చేతులు పెట్టి వేళ్లు పట్టుకుని ధర తేల్చుకుంటారు. పక్కన నిలబడ్డవాడికి తువాలు కదలడమే తప్ప ఒక్క అంకె తెలియదు. మోడెమ్‌ల పని సరిగ్గా అదే. ఇంగ్లీషులో దానికి కరచాలనం అని పేరు కూడా పెట్టారు. మనకు వినపడింది తువాలు కదలిన చప్పుడు. ఇప్పుడు తువాలు తీసి చూద్దాం.

అవతలి మోడెమ్ ఫోనెత్తుతుంది. ఎత్తి దాదాపు రెండు సెకన్లు ఏమీ మాట్లాడదు. ఈ మౌనం చాలా ముఖ్యమైంది, తీర్పులో దీనితో పని ఉంది. తర్వాత 2100 హెర్ట్జ్ దగ్గర ఒక పొడుగాటి ‘కీ’. దీనికి రెండు అర్థాలు. ఒకటి, ‘నేను మనిషిని కాను, మోడెమ్‌ని’. రెండోది ఇటువైపు మోడెమ్‌కి చెప్పే మాట కాదు, దారిలో ఉన్న ఎక్స్ఛేంజీలకి చెప్పే మాట. దూరపు కాల్లో మన మాట అవతలి కొస తగిలి మనకే తిరిగి వినపడకుండా దారిలో ప్రతిధ్వనిని మింగే యంత్రాలు పెడతారు. రెండు తీగల మీద రెండువైపులా మాటలు పోతాయి గాని, ఊళ్ల మధ్య దూరానికి పోయేటప్పుడు రాకకూ పోకకూ వేరువేరు దారులు. ఆ చీలే చోట మాట కొంచెం వెనక్కి కారుతుంది, అదే ప్రతిధ్వని. మనుషులకి ఆ మింగుడు మేలు. మోడెమ్‌లకి కీడు. వాటి ప్రతిధ్వని లెక్క అవే చూసుకుంటాయి, మధ్యవాళ్లు చేయి పెడితే చెడుతుంది. అందుకే ఆ ‘కీ’ సాఫీగా ఉండదు. ప్రతి 450 మిల్లీసెకన్లకూ దాని అల తలకిందులవుతుంది. శ్రద్ధగా విన్నవాళ్లకి ‘కీ’లో చిన్న ‘టిక్కు’ వినపడేది. అది వినగానే మింగే యంత్రం పక్కకు తప్పుకుంటుంది. ఒంగోలు కొట్లో బెంచీ మీద కూర్చున్నవాడికి చిరాకు తెప్పించిన ఆ టిక్కు, ఎక్కడో ట్రంకు ఎక్స్ఛేంజీలో ఒక యంత్రానికి ‘నువ్వు లే’ అనే ఉత్తరువు.

తర్వాత ‘బొంయ్ బొంయ్’. నీకు ఏయే వేగాలు వచ్చు, నాకు ఏయేవి వచ్చు అని అడిగి చెప్పుకోవడం. తమాషా ఏమిటంటే, సెకనుకు 33,600 బిట్లు పంపగల రెండు యంత్రాలు ఈ మాటలు మాత్రం 300 బిట్ల వేగంతో, అన్నిటికన్నా పాతదైన వి.21 పద్ధతిలో చెప్పుకుంటాయి. ఒకరు 980, 1180 హెర్ట్జ్‌లతో, రెండోవారు 1650, 1850లతో. అవతలివాడు ఎంత పాతవాడైనా అర్థం చేసుకోవాలని ఆ ఏర్పాటు. పెద్ద చదువులు చదివి ఊరికొచ్చినవాళ్లలో ఈ మర్యాద అరుదు.

ఇక అసలు బేరం. 1994లో వచ్చిన వి.34 పద్ధతిలో, మోడెమ్ ఇరవై ఒక్క స్వరాలను ఒకేసారి గుప్పున వదులుతుంది. 150 హెర్ట్జ్ నుంచి 3750 దాకా, 150కి ఒకటి. మధ్యలో 900, 1200, 1800, 2400 ఉండవు. ఆ ఖాళీ గదుల్లో ఏమైనా వినపడితే అది లైను సొంతంగా చేసే చప్పుడన్న మాట. అవతలి మోడెమ్ ఒక్కో స్వరం ఎంత బలంగా చేరిందో కొలుస్తుంది. పై స్వరాలు కుంగిపోయి వస్తే లైను దూరం పోయిందని అర్థం. లేని స్వరాలు వినపడితే ఎక్కడో జాయింటు వదులైందనో, పక్క లైను కారుతోందనో అర్థం. ఇదంతా చూసుకుని, సెకనుకు ఎన్ని చిహ్నాలు పంపాలో ఆరు రకాల్లో ఒకటి ఎంచుతారు. 2400 నుంచి 3429 దాకా. చివరి ‘ష్ష్ష్’లో ఇక స్వరాలు లేవు. అంకెలన్నీ కలగలిపి చల్లి, లైను ఎక్కడెక్కడ వంకర తిప్పుతోందో, దాన్ని ఎదురు వంకరతో ఎలా సరిచేయాలో నేర్చుకుంటారు. అక్కడ స్పీకరు ఆగిపోతుంది. కూత ఆగింది గాని చప్పుడు ఆగలేదు. నెట్ నడిచినంతసేపూ తీగలో ఆ హోరు ఉంటూనే ఉంటుంది, మనకి వినిపించరంతే.

డబ్బా మీద 56 అని అచ్చు వేసేవాళ్లు. 56 ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎక్స్ఛేంజీ గొంతును సెకనుకు 8000 సార్లు కొలిచి, ఒక్కో కొలతనూ ఎనిమిది బిట్లలో రాస్తుంది. ఎనిమిదిలో ఏడే నమ్మదగినవని తీసుకుంటే ఎనిమిది వేలు ఏళ్లు యాభై ఆరు వేలు. 1998 నాటి వి.90 పద్ధతి ఇది. వచ్చే దిశకే వర్తిస్తుంది, పోయే దిశలో మళ్లీ 33,600 దాటదు. వచ్చే దిశలో కూడా తెర మీద 44,000 పడితే సెంటరులో పండగే. క్లాడ్ షానన్ 1948లోనే ఈ లెక్క చేసి పెట్టాడు: దారి వెడల్పు ఎంత, గరగర ఎంత, ఆ రెంటిని మించి ఏ మోడెమూ పోలేదు. ఒంగోలులో దారి వెడల్పు అందరికీ ఒకటే. తేడా అంతా గరగరలోనే.

అందుకే ఒంగోలు పండితులు చెవితో వైద్యం చేసేవాళ్లు. వాన పడి జాయింటులోకి నీళ్లు దిగితే ‘ష్ష్’ రెండుసార్లు మొదలవుతుంది. మొదటిసారి నేర్చుకున్నది పనికిరాక మళ్లీ నేర్చుకుంటోందన్న మాట. “ఇది నిలవదులే, కట్ చెయ్యి” అని యజమాని తెర వైపు చూడకుండానే అనేవాడు. ‘కీ’ తర్వాత ‘బొంయ్’ రాకుండా గొంతు సన్నగా జారిపోతే అవతల అన్ని లైన్లూ నిండాయని చెప్పేవాడు. ఈ రెండో సూత్రానికి ఏ గ్రంథంలోనూ ఆధారం లేదు. అయినా అతను చెప్పినప్పుడల్లా కనెక్టు కాలేదు, కనుక ఆచారంగా అంగీకరిస్తున్నాం.

ఇళ్లలో ఉన్న లైన్లకి ఇంకో గండం ఉంది. ముందుగదిలో నెట్ నడుస్తుంటే లోపలిగదిలో అమ్మ ఫోనెత్తుతుంది. అమ్మ గొంతు కూడా 300కీ 3400కీ మధ్యే ఉంటుంది కనుక, ఆమె “ఏందిరా ఈ గోల” అన్న మాటను మోడెమ్ డేటా అనుకుని చదవబోతుంది. చదవలేక, అయిదారు సెకన్లు అవస్థపడి, ‘నో క్యారియర్’ అంటుంది. మోడెమ్‌ల లోపల తప్పులు దిద్దే వి.42 పద్ధతి ఉన్నా, అది తీగ చేసే తప్పులకే గాని అమ్మ చేసే వాటికి కాదు.

తీర్పు

ఇప్పుడు తగాదాకి వద్దాం. అవతల ఫోనెత్తిన క్షణంలోనే ఎక్స్ఛేంజీకి ‘ఎత్తారు’ అన్న కబురు అందుతుంది, మీటరు తిరగడం మొదలవుతుంది. కూత మొదలయ్యేది ఆ తర్వాత. అంటే కూతలో మొదటి ‘కీ’ కూడా మీటరు పల్సు పడ్డాకే వినపడుతుంది. అంతకన్నా బలమైన ప్రమాణం ఆ రెండు సెకన్ల మౌనం. ఎత్తగానే మోడెమ్ నోరెందుకు తెరవదు? మోడెమ్‌ల శాస్త్రం వి.25లో దానికి 1.8 నుంచి 2.5 సెకన్ల దాకా మౌనం విధించారు. ఆ వ్యవధిలో ఎక్స్ఛేంజీలు తమ బిల్లు కబుర్లు తాము చెప్పుకుంటాయి. మోడెమ్ అప్పుడే కూత పెడితే ఆ కబుర్లు చెడిపోవచ్చు. కనుక కూతకు ముందే బిల్లు ఉంది. బిల్లు రాసుకున్నాకే కూతకు అనుమతి. కస్టమరు పూర్వపక్షం ఇక్కడ నిలవదు.

అయితే యజమాని కూడా పూర్తిగా గెలవడు. అప్పట్లో లోకల్ కాలుకి మూడు నిమిషాలకో పల్సు, ఆ కాలు మీద ఎన్ని కంప్యూటర్లున్నా అంతే. ఒక లైనుకి నాలుగు కంప్యూటర్లు తగిలించి, నలుగురి దగ్గరా విడివిడిగా కూత టైము వసూలు చేసే యజమానికి శాస్త్రం ఒకటే ప్రశ్న వేస్తుంది: కూసింది ఎన్నిసార్లు? ఒక్కసారి కూసిన కూతని నాలుగు ఖాతాల్లో వేయడం దోషం. నలుగురూ పంచుకోవాలి. తలా ఏడెనిమిది సెకన్లు. నోటుబుక్కులో సెకన్ల గడి లేదు కనుక ఈ తీర్పు అమలు కాలేదు.

ఫ్యాక్స్ ప్రకరణం

చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు ఎగుమతిదారుల ఆఫీసుల్లో ఈ కూతకు దగ్గరి బంధువు ఉండేది. ఫ్యాక్స్ మిషను ఫోను చేసేటప్పుడు మూడేసి సెకన్లు ఆగి అర సెకను పాటు 1100 హెర్ట్జ్ ‘పీప్’ అంటుంది. అవతలి మిషను 2100తో జవాబివ్వాలి. కానీ అవతల ఎత్తేది మనిషి. “హలో, హలో” అంటాడు. మిషను “పీప్” అంటుంది. మళ్లీ “హలో”. ఈ సంభాషణ ఎంతసేపు సాగినా ఇద్దరిలో ఎవరూ కొత్త సంగతి చెప్పరు. అప్పుడు ఆఫీసులో గుమాస్తా రిసీవరు తీసి చెప్పే మంత్రం ఒకటుంది: “సార్, టోనివ్వండి.” ఆ మాట వినగానే అవతలివాడు పచ్చ మీట నొక్కుతాడు, కీ మంటుంది, కాయితం కదులుతుంది. దేశంలో టెలిఫోను సిగ్నలింగు మీద జనం సొంతంగా చేర్చిన ప్రమాణం ఇది. దీన్ని ఏ అంతర్జాతీయ సంఘమూ అచ్చు వేయలేదు, వేయక్కర్లేదు, అందరికీ నోటికి వచ్చు.

కేబుల్ ప్రకరణం

బయట పెట్టే మోడెమ్‌కీ కంప్యూటరుకీ మధ్య సీరియల్ కేబుల్. ఆర్ఎస్-232 అనే ప్రమాణం 1960 నాటిది. దీని తర్కం అద్వైతులను కూడా తికమక పెడుతుంది. ఇందులో ఒకటి అంటే మైనస్ వోల్టేజీ, సున్నా అంటే ప్లస్. మైనస్ 3 నుంచి మైనస్ 15 దాకా ఉంటే ‘ఉంది’, ప్లస్ 3 నుంచి ప్లస్ 15 దాకా ఉంటే ‘లేదు’. మధ్యలో ఉన్నది రెండూ కాదు. ఒక్కో అక్షరానికీ ముందు ఒక ఆరంభ బిట్టు, చివర ఒక ముగింపు బిట్టు. అంటే ఎనిమిది బిట్ల సరుకు పంపడానికి పది బిట్ల రవాణా.

తొమ్మిది పిన్నుల సాకెట్టులో కంప్యూటరు రెండో పిన్నుతో వింటుంది, మూడో పిన్నుతో మాట్లాడుతుంది. మోడెమ్ తిరగేసి. కనుక తిన్నగా ఉన్న కేబులు చాలు. రెండు కంప్యూటర్లనే కలపాలంటే ఇద్దరూ మూడుతో మాట్లాడి రెండుతో వింటారు, ఎవరి మాటా ఎవరికీ చేరదు. అందుకని తీగలను అడ్డం మార్చి టంకం పెట్టాలి. మోడెమ్ లేకుండానే మోడెమ్ ఉన్నట్టు నమ్మిస్తుంది కనుక దాన్ని నల్ మోడెమ్ అన్నారు. మోడెమ్ పోయింది గాని కేబుల్ బతికే ఉంది. వేబ్రిడ్జి దగ్గర ఎర్రంకెల డిస్‌ప్లే పెట్టె వెనక చూడండి. గ్రానైటు బ్లాకు లారీ బరువు కంప్యూటరులోకి పోవడం ఆ తొమ్మిది పిన్నుల గుండానే. పిన్ను కాస్త వదులైతే లారీ బరువు కిలోలు కాక చెత్త అక్షరాలుగా పడుతుంది. అప్పుడు ఆపరేటరు చేసే ప్రక్రియ కేబుల్ని పీకి, ఊది, మళ్లీ గుచ్చడం. ఊదడానికి శాస్త్రాధారం అడగవద్దు, గుచ్చడానికి ఉంది.

మౌన ప్రకరణం

చివరి ప్రశ్న, పండితులు రెండు శాఖలైన ప్రశ్న: స్పీకరు ఉంచాలా, తీసేయాలా? ఏటీఎం1 అంటే లైను కుదిరేదాకా వినపడాలి. ఏటీఎం0 అంటే అసలు వద్దు. అర్ధరాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక నెట్ చూసేవాళ్లంతా మౌనవాదులు. రాత్రి నెట్టు చూసేది చదువు కోసమేనని వాళ్ల వాదం. దాని మీద వ్యాఖ్య అనవసరం.

నాదవాదుల వాదం మాత్రం గట్టిది. మోడెమ్‌కి స్పీకరు పెట్టింది కూత వినడానికి కాదు, మనిషి గొంతు వినడానికి. నంబరు పెట్టెలో ఒక అంకె తప్పు పడిందనుకోండి. మోడెమ్ ఆ నంబరుకే చేస్తుంది. అవతల లాయరుపేటలో ఒక పెద్దావిడ ఎత్తి “ఎవురూ?” అంటుంది. మోడెమ్ 2100 హెర్ట్జ్ కోసం చెవులు రిక్కించుకుని ఉంటుంది, నోరు తెరవదు. “ఎవురయ్యా, మాట్టాడవేంది?” అంటుంది ఆవిడ. యాభై అరవై సెకన్లు చూసి మోడెమ్ పెట్టేస్తుంది. నిమిషం ఆగి మళ్లీ అదే నంబరు కొడుతుంది, ఎందుకంటే రీడయల్ గడిలో పది అని రాసి ఉంది. స్పీకరు ఉన్నవాడు మొదటి “ఎవురూ”కే పరుగెత్తుకొచ్చి తీగ పీకేస్తాడు. మౌనవాది బిస్కెట్లు తింటూ, ఇవాళ లైను బాగాలేదని లైన్‌మ్యాన్‌ని తిట్టుకుంటాడు. అవతల ఆవిడ నాలుగోసారికి ఊపిరి పట్టి ఊరుకునే పోకిరీ ఎవడో తేల్చడానికి కొడుకుని పిలుస్తుంది.

ఈ స్థితిలో శాస్త్రం విధించిన ప్రాయశ్చిత్తం: పక్కనున్న రిసీవరు తీసి, “రాంగ్ నంబరమ్మా, కంప్యూటరు చేసింది” అని చెప్పాలి. దానికి ఆవిడ “కంప్యూటరుకి మాతో ఏం పనబ్బాయ్?” అని అడుగుతుంది. జవాబు చెప్పబోకుండా పెట్టేయాలి. చెప్పబోయినవాళ్లు ఆవిడ మనవడి ఎంసెట్ ర్యాంకు కూడా చూసి పెట్టాల్సి వచ్చింది.